నలభై నిమిషాల కనెక్షన్

శీను ఫోన్ చేసి "అన్న పోయిండురా" అన్నప్పుడు నేను నారాయణగూడ మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతున్నాను. శీను హాస్టల్ రోజుల్లో నా రూంమేట్. అట్లాంటి కబురు వింటే ఎవరైనా ఏమైంది, ఎట్లా జరిగింది, ఇంట్లోవాళ్లు ఎట్లున్నారు అని అడుగుతారు. నేను "ఎన్ని గంటలకు?" అని అడిగాను. అడిగి నాలుక కరుచుకున్నాను. శీను మాత్రం ఏమీ అనుకోకుండా "ఆరుంబావుకు, దవాఖానల" అన్నాడు. మా ఇద్దరికీ ఆ అలవాటు చేసింది ఆయనే. ఏ సంగతైనా ముందు టైం చెప్పాలి, అది కూడా సరిగ్గా చెప్పాలి. "ఆరు, ఆరున్నర మధ్య" అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆయనకు ఉండేది, కాని ఎంపికైనవాళ్ల జాబితాలో చూసుకోవాలని. నా రాతలో కాదు. అశోక్‌నగర్‌లో మా హాస్టల్‌లో ఉన్న అరవై మందికీ ఆయన అన్న. మిగతావాళ్లు కూడా అన్నలే గాని వాళ్లను పేరు కలిపి పిలిచేవాళ్లం. ఒట్టి అన్న అంటే ఆయన ఒక్కడే.

నేను హాస్టల్‌లో దిగిన రోజు మెట్ల మీద ఎదురుపడ్డాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో రెండు పెన్నులతో ఉన్నాడు. నా నెత్తి మీద పరుపు చుట్ట. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"ఎంత లేటు?" అన్నాడు.

"నేను బస్సుల వచ్చిన అన్నా."

"బస్సు లేటు గాదా?"

"గంట అయ్యింది."

"గంటనా, గంట పదా?"

నాకు ఒళ్లు మండింది. నెత్తి మీద బరువుతో నిలబడ్డవాణ్ణి పది నిమిషాల లెక్క అడిగే మనిషిని అంతకు ముందు చూడలేదు. ఈయనకు కొంచెం తేడా ఉన్నట్టుంది అనుకున్నాను. ఎవరు ఎంతటివాళ్లో ఒక్క చూపులో కనిపెట్టగలనని ఆ రోజుల్లో నాకు గొప్ప నమ్మకం. ఆ నమ్మకం వల్ల నాకు జరిగిన మేలు ఒక్కటి కూడా గుర్తులేదు.

ఆయన పిచ్చి ఏమిటో నెమ్మదిగా తెలిసింది. మేం రాసే సెంట్రల్ పరీక్షలకు సెంటర్ ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. మొదటి ఆప్షన్ హైదరాబాద్ పెట్టినవాడికి భువనేశ్వర్ పడేది, రెండోది వరంగల్ పెట్టినవాడికి భోపాల్ పడేది. నేరుగా వెళ్లే బండి ఉంటే దాంట్లో సీటు ఉండదు. సీటు ఉన్న బండి అక్కడిదాకా వెళ్లదు. కాజీపేటలోనో, విజయవాడలోనో, నాగపూర్‌లోనో దిగి ఇంకో బండి పట్టుకోవాలి. మొదటి బండి ఆలస్యమైతే రెండోది పోతుంది. అది పోతే పరీక్ష పోతుంది, పరీక్షతో పాటు ఏడాది పోతుంది. హాల్‌టికెట్ చేతికి రాగానే అందరూ అన్న గదికి పరిగెత్తేది అందుకే.

అన్న దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. టైంటేబుల్ అందులో ఉండేది కాదు, ఎందుకంటే అది ఎక్కడైనా దొరుకుతుంది. ఏ బండి ఏ నెలలో ఎంత ఆలస్యంగా నడిచింది, ఎక్కడ ఎంతసేపు నిలబడింది, అదీ ఆ పుస్తకంలో ఉన్న సంగతి. దారి చెప్పినందుకు ఆయన అడిగేది ఒక్కటే. పరీక్ష రాసి తిరిగొచ్చినవాడు మెస్‌కు పోకముందే ఆయన గదికి వచ్చి, పోను రాను బండ్లు ఎంత లేటో చెప్పాలి. పేపర్ ఎట్లా వచ్చిందని ఆ తర్వాత అడిగేవాడు. అట్లా పదేళ్లుగా హాస్టల్ పిల్లలు ప్లాట్‌ఫారాల మీద పడ్డ తిప్పలన్నీ ఆ పుస్తకంలో చేరాయి.

బండ్ల గురించి చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "ఈ బండి మంచిదే, కాజీపేట దాక బుద్ధిగ వస్తది. బల్లార్షా దాటినంక దానికి బద్ధకం." "గా బండి పెద్దమనిషి, అందర్ని ముందు పోనిచ్చి తను ఎనుక పోతది." "గీ బండిని వానకాలంల నమ్మకు." వినేవాళ్లకు నవ్వు వచ్చేది. నవ్వుకుంటూనే రాసుకునేవాళ్లు.

ఆయన సూత్రం ఒక్కటే. "రెండు బండ్ల నడుమ ఇంకో బండి పట్టేంత జాగ ఉంచాలె." దీన్ని బండ్ల దగ్గరే ఆపినా బాగుండేది. ఇడ్లీ తినడానికి, చిక్కడపల్లి లైబ్రరీ గేటు తెరవడానికి మధ్య కూడా అంత జాగ ఉంచేవాడు. అందుకని పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర మొదటి ఇడ్లీ ఆయనదే, లైబ్రరీ తలుపు పక్కన మొదటి కుర్చీ ఆయనదే. చెప్పులు ఎక్కడ విడిచినా ముందు భాగం బయటికి తిరిగి ఉండేది. మేమందరం గడియారాలు పది నిమిషాలు ముందుకు పెట్టుకుంటే ఆయనది మాత్రం సెకండుతో సహా సరిగ్గా ఉండేది. "లేటును గడియారంల కలిపితే మనల్ని మనం మోసం జేసుకున్నట్టు. ప్లాన్ల కలపాలె" అనేవాడు. పెళ్లి గురించి అడిగితే, "నౌకరి వచ్చినంక మూడు నెలలు ఆగి చేసుకుంట" అన్నాడు. ఎందుకు మూడు నెలలని అడిగితే, "పోస్టింగ్ లేటయితది గదా" అన్నాడు. నవ్వులాటకు అనలేదు.

నౌకరి మాత్రం ఇంకా రాలేదు. రెండుసార్లు దగ్గరిదాకా వచ్చి ఆగింది. నేను హాస్టల్‌లో చేరిన రెండో ఏడాదికి ఆయన వయసు చివరి హద్దుకు చేరింది. సడలింపులన్నీ కలుపుకున్నా సెంట్రల్ పరీక్షల్లో ఆయనకు మిగిలింది ఒక్క పరీక్ష. ఆ సంగతి హాస్టల్‌లో అందరికీ తెలుసు. ఆయన ముందు మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఆ పరీక్షకు ఆయనకు, నాకు ఒకే ఊరు పడింది. రాయపూర్.

ఇక్కడ నా తెలివి గురించి నాలుగు మాటలు చెప్పాలి. అప్పటికి నా ఫోన్‌లో బండ్ల యాప్‌లు మూడు ఉండేవి. బండి ఇప్పుడు ఏ స్టేషన్ దగ్గర ఉందో నీలం చుక్క చూపించేది. అన్న నోట్‌బుక్ చూసినప్పుడల్లా నేను ఆ చుక్క తెరిచి ఆయనకు చూపించేవాణ్ణి. "అన్నా, ఇంకా పుస్తకం ఎందుకు? ఫోన్ల అంత కనవడ్తది" అనేవాణ్ణి. ఆయన శ్రద్ధగా చూసి, "మంచిగుంది. ఇప్పుడు ఏడ ఉన్నదో చెప్తుంది. ఎల్లుండి ఏడ ఆగుతదో చెప్తదా?" అనేవాడు. నేను ఆయన వయసు మీద జాలిపడి ఫోన్ జేబులో పెట్టుకునేవాణ్ణి.

ఆ పరీక్షకు కొన్ని రోజుల ముందు ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నా, ఈసారి నువ్వు చదువుకో, టికెట్లు నేను చూస్తా" అన్నాను. ఆయన మొహంలో కనబడిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. పదేళ్లలో ఆయన ప్రయాణం గురించి ఇంకొకరు ఆలోచించడం అదే మొదటిసారేమో. "ఒకరోజు ముందుగాల పోయేటట్టు చూడు" అని మాత్రం అన్నాడు.

నేను ఒకరోజు ముందు చూడలేదు. పరీక్ష ముందు రోజు కోచింగ్ సెంటర్‌లో గ్రాండ్ టెస్ట్ ఉంది. అందులో నాకు ఎన్ని మార్కులు వచ్చాయో ఇక్కడ రాయను, కథ మధ్యలో నవ్వడం మొదలుపెడితే మీరు చివరిదాకా రారు. గ్రాండ్ టెస్ట్ రాసి, సాయంత్రం సికింద్రాబాద్‌లో ఎక్కి, పొద్దున ఐదు యాభైకి నాగపూర్‌లో దిగి, ఆరున్నర బండి పట్టుకుంటే పరీక్ష రోజే పదకొండున్నరకు రాయపూర్. ఒంటిగంటన్నరకు గేటు మూస్తారు. రెండు గంటలు మిగులు. బుక్ చేసి, నోట్‌బుక్ కాలం అయిపోయిందని నాలో నేను ప్రకటించుకుని, టికెట్లు ఆయనకు చూపించాను.

చాలాసేపు చూశాడు.

"నలభై నిమిషాలేనా?"

"యాప్ల ఆ బండి టైంకే వస్తుందన్నా."

"బల్లార్షా దాటినంక దానికి బద్ధకం" అన్నాడు మెల్లగా.

మర్నాడు పొద్దున తత్కాల్ కోసం ప్రయత్నించాడు, దొరకలేదు. సాయంత్రం నా గదికి వచ్చి, "ఒకరోజు ముందు జనరల్ డబ్బల పోదమా? నిలబడి పోదం" అన్నాడు. నాకు గ్రాండ్ టెస్ట్ ఉందన్నాను. "నువ్వు పో అన్నా, నేను తర్వాత వస్తా" అని ఉదారంగా అనుమతి కూడా ఇచ్చాను.

"ఒక్కనివి నాగపూర్ల దిగి ఏం జేస్తవ్? హిందీ గూడ సక్కగ రాదు నీకు. బండి తప్పితే పరేషాన్ అయితవ్" అని గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. "ఇద్దరం పోదంతియ్" అని వెళ్లిపోయాడు.

ఆ మాట గురించి నేను అప్పుడు ఆలోచించి ఉంటే నా టెస్ట్ వదిలేసి ఉండేవాణ్ణి. అప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే, అన్నకు చివరికి నా ప్లాన్ నచ్చిందని.

తెల్లవారుతుంటే బండి నాగపూర్ ఇంకా ముప్పై కిలోమీటర్లుండగా ఒక పత్తిచేను పక్కన ఆగింది. అన్న అప్పటికే మొహం కడుక్కుని, బూట్లు కట్టుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను నీలం చుక్కను చూస్తున్నాను. యాప్ పది నిమిషాలు లేటు అంది. తర్వాత ఇరవై రెండు అంది. తర్వాత నలభై ఐదు అంది. చుక్క కదలలేదు, నేను దాని మీదినుంచి కళ్లు తియ్యలేదు. ఆయన బల్లార్షా మాట ఎత్తుతాడని, "నేను చెప్పలేదా" అంటాడని ఎదురుచూశాను. అంటే నేను కూడా ఏదో ఒకటి అని పోట్లాడవచ్చు. ఆయన డబ్బా తీసి, "చపాతి తిను. దిగినంక ఉరుకాల్సి ఉంటది" అన్నాడు.

ఏడూ ఇరవై ఐదుకు దిగాం. ఆరున్నర బండి ఎప్పుడో పోయింది. తర్వాతి బండి ఎనిమిది నలభైకి, అది టైంకు నడిస్తే ఒంటిగంట దాటిన ఐదు నిమిషాలకు రాయపూర్. ఇంకా ఆశ ఉంది. ఆ బండి తొమ్మిదింబావుకు వచ్చింది. ఆ దారిలో ఉన్న ప్రతి చిన్న స్టేషన్ పేరు నేను ఇప్పుడు కూడా వరసగా చెప్పగలను, ప్రతి దాని దగ్గరా లేటు లెక్కపెట్టాను. రాయపూర్‌లో దిగేసరికి ఒంటిగంటా నలభై. ఆటోలో సెంటర్‌కు చేరేసరికి రెండూ ఐదు.

గేటు మూసేశారు. లోపల పిల్లలు తనిఖీ కోసం లైన్‌లో నిలబడి బూట్లు విప్పుతుండటం కనిపిస్తోంది. నేను కాపలా అతన్ని బతిమాలాను, తిట్టాను, మళ్లీ బతిమాలాను. అన్న ముందే చెప్పినట్టు నాకు హిందీ సరిగ్గా రాదని ఆ గేటు దగ్గర తేలిపోయింది. "ఈయనకు ఇదే ఆఖరి పరీక్ష" అని చెప్పాలి, ఆ ఒక్క మాట హిందీలో ఎట్లా అనాలో తోచక తెలుగులోనే అరిచాను. అతను ఏం చేస్తాడు పాపం, తాళంచెవి అతని దగ్గర లేదు.

అన్న ఒక్కసారి కూడా బతిమాలలేదు. హాల్‌టికెట్ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను గోడ పక్కన కూర్చుని ఏడుస్తుంటే వచ్చి భుజం మీద తట్టాడు.

"తిందాం పా. ఆకలి మీద ఏడిస్తే తల నొస్తది."

తిరుగు ప్రయాణానికి నాలుగు గంటల ముందే స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. ప్లాట్‌ఫారం మీద పేపర్ పరిచి, బ్యాగులోంచి కరెంట్ అఫైర్స్ పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే పెన్నుతో గీతలు కొడుతూ పది పేజీలు చదివాడు. తర్వాత చెయ్యి ఆగింది. ఇక ఆ పుస్తకంతో తనకు పని లేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. మూసి, నా ఒళ్లో పెట్టి, "నీకు పనికొస్తది" అన్నాడు. ఇన్నేళ్లలో నేను చాలా పరీక్షలు తప్పాను, చాలా తిట్లు తిన్నాను. ఏదీ ఆ పుస్తకమంత బరువుగా నా ఒళ్లో పడలేదు.

హాస్టల్‌కు వచ్చేసరికి మెట్ల దగ్గరే అందరూ ఉన్నారు. సంగతి ఫోన్‌లో ముందే తెలిసింది. శీను కోపంగా ఉన్నాడు.

"నలభై నిమిషాలల్ల కనెక్షన్ ఎవడు పెట్టిండురా?"

నేను నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను, ఈ మాట మాత్రం నమ్మండి. కాని ముందు "బండి లేటు" అందామా, "టికెట్లు దొరకలేదు" అందామా అని ఆలోచిస్తున్నాను. ఆ లోపల నా వెనక నుంచి అన్న అన్నాడు.

"నేనే. ఈ ఒక్కసారి జర ధైర్యం జేసిన."

ఎవడో నవ్వాడు. "అందరికి గంటలు గంటలు జాగ చెప్పి, నీకు నలభై నిమిషాలేందన్నా?" అన్నాడు ఒకడు. ఆయన కూడా నవ్వాడు. నేను తెరిచిన నోరు మూశాను.

పైకి వెళ్లాక, "ఎందుకట్ల చెప్పినవ్ అన్నా?" అని అడిగాను.

"నీకు ఇంక ఎనిమిదేండ్ల టైం ఉన్నది. ఈళ్ల నడుమనే ఉండాలె, ఈళ్లతోనే చదువాలె. నా పరీక్ష పోగొట్టినోడని రోజు మొకం మీద అంటుంటే ఏం చదువుతవ్?" అన్నాడు. "నాకు ఇగ పరీక్ష లేదు. మంచి పేరు వెట్టుకొని ఏం జేస్కోవాలె?"

ఆయనకు మిగిలింది ఆ పేరొక్కటే. అది కూడా ఇచ్చేశాడు. నేను తీసుకున్నాను.

తీసుకుని ఊరుకున్నా కొంత మర్యాదగా ఉండేది. పిల్లలు అన్న గదికి పోవడం మానేశారు. "ఆయనకు కలిసి రాదు" అనే మాట హాస్టల్‌లో పుట్టింది. అంత ప్రయాణం చేసొచ్చిన అనుభవజ్ఞుడినని హాల్‌టికెట్లు నా దగ్గరికి తేవడం మొదలుపెట్టారు. నేను గంభీరంగా కుర్చీలో వెనక్కి వాలి, "రెండు బండ్ల నడుమ ఇంకో బండి పట్టేంత జాగ ఉంచాలె" అని చెప్పేవాణ్ణి. వాళ్లు ఎంత తెలివి అన్నట్టు చూసేవాళ్లు. ఒకసారి నేను ఎవడికో దారి చెబుతుంటే అన్న బకెట్ పట్టుకుని స్నానానికి పోతూ, ఆగకుండా, నా వైపు చూడకుండా "బల్లార్షా" అని వెళ్లిపోయాడు. నేను దగ్గి, ప్లాన్ మార్చాను. అట్లా ఏడాదిన్నర నడిచింది. నా కనెక్షన్ ఒక్కటి కూడా తప్పలేదని పేరొచ్చింది.

ఆ తర్వాత నాకు ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. ఆయన అప్పటికే దోమలగూడలో ఒక స్టడీ హాల్ చూసుకునే పనిలో కుదిరాడు. ఎప్పుడైనా వెళితే "ఎంత లేటు?" అనే పలకరించేవాడు. ఒకసారి, "అన్నా, ఆ సంగతి మనోళ్లందరికి చెప్పేస్తా" అన్నాను. "చెప్తే చెప్పు, నన్నెందుకు అడుగుతున్నవ్?" అన్నాడు. అనుమతి అడిగితే ఆయన వద్దంటాడని, ఆ వద్దు పట్టుకుని ఇంటికి పోదామని నేను వచ్చినట్టు ఆయనకు తెలిసిపోయింది. నేను చాయ్ తాగి ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పలేదు.

ఆయన దినాలు అయ్యాక, పాత హాస్టల్ వాళ్లం తొమ్మిది మందిమి నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక హోటల్లో కలిశాం. ఒకడు టీచర్, ఒకడు రెవెన్యూలో, ఒకడు పోలీసు. వీళ్లలో చాలామంది ఉద్యోగాల వెనక అన్న చెప్పిన ఏదో ఒక బండి ఉంది. నోట్‌బుక్ గురించి, ఇడ్లీ గురించి, పెళ్లికి ముందు మూడు నెలల గురించి చెప్పుకుని నవ్వుకున్నాం. చివరికి టీచరైనవాడు రాయపూర్ ఎత్తాడు.

"పాపం, మనందర్ని జాగ్రత్తగ పంపిండు. ఆఖరుకు తనదే తను చెడగొట్టుకున్నడు."

అందరూ అయ్యో అన్నట్టు తలలు ఊపారు. నేను కప్పు కింద పెట్టాను. ఆయన లేని బల్ల దగ్గర ఆయన మీద ఆ మాట పడటం నాకు భరించరానిదిగా అనిపించింది.

"ఆ కనెక్షన్ పెట్టింది నేను" అన్నాను. "టికెట్లు నా ఫోన్ల బుక్ చేసిన. అన్న ఒకరోజు ముందు పోదమన్నడు. నేనే ఇనలేదు."

తిడతారని చూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. శీను లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. వాడి కళ్లల్లో నీళ్లున్నాయి.

"అన్న మీద నీకు గింత ప్రేమ ఉందని ఇయ్యాల్నే తెలిసింది" అన్నాడు. "పోయినోని మీద మాట పడనియ్యొద్దని నీ మీద ఏసుకుంటున్నవ్."

"లేదురా, నిజం చెప్తున్న."

"ఊకో. నేను మెట్ల కాడ ఉన్న. నా చెవులతోని ఇన్న. నేనే పెట్టిన అని అన్ననే చెప్పిండు." శీను మిగతావాళ్ల వైపు తిరిగాడు. "అన్న ఎన్నడన్న అబద్ధమాడిండా?"

ఆడాడు, ఒకే ఒక్కసారి, అదీ నా కోసం. ఆ మాట ఇప్పుడు అనాలి. టీచరైనవాడు లేదన్నట్టు తల ఊపాడు. పోలీసైనవాడు ఊపాడు. ఒక్కొక్కరే అందరూ ఊపారు.

నేను కూడా ఊపాను.